కొక్కెం విరిగిన మూడు

మా అన్న కీత్ పోయిన నెల రోజులకి అతని ఇంజను మా ఇంటికి వచ్చింది. రెండు గోధుమ సంచుల్లో కొంత, ఒక ఆపిల్ పెట్టెలో కొంత. పెట్టెకి తాడుతో కట్టిన ఉత్తరం అతని కూతురు జెనిఫర్ రాసింది.

"బాబాయ్, నాన్న దీన్ని వయాలాలో నలభై ఏళ్లు మంచం కింద పెట్టుకున్నాడు. ఒక్కరోజూ స్టార్ట్ చెయ్యలేదు. ఎవరు అడిగినా అమ్మలేదు. నువ్వు పాత బైకులు బాగుచేస్తావని విన్నాను, అందుకే నీకు పంపుతున్నాను. నాకు కావలసింది ఒక్కటే. మీ ఊరు మూంటాలో తాతయ్య, నాయనమ్మల సమాధి రాయి మీద నాన్న పేరు ఉండాలి. బూడిద నేను తెస్తాను. ఆ స్థలం మీద హక్కు నీదేనటగా. అవునో కాదో చెప్పు."

నిలబడే చదివి, పంచదార డబ్బా వెనక పెట్టాను.

"ఏం చెప్తావు?" అంది మా ఆవిడ మెర్ల్.

"చూద్దాం."

"నీ 'చూద్దాం' అంటే ఏంటో నాకు తెలుసు. పాపం ఆ పిల్లకి తెలీదు. వద్దనేదేదో తిన్నగా రాసెయ్."

మెర్ల్ అన్నది నిజమే. వద్దనే అనుకున్నాను. మా నాన్న పోయేముందు నా చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు, దొంగ పేరు మీ అమ్మ పేరు పక్కన రాయించకు అని. ముప్పయ్యేళ్లు చాపెల్లో సంఘ పెద్దగా ఉన్న మనిషి ఆఖరి మాట. దాన్ని ఇరవై ఏడేళ్లు మోశాను. పెద్ద బరువుగా ఏమీ అనిపించలేదు, ఎందుకంటే కీత్ దొంగ అని నేనూ నమ్మాను.

నమ్మడమేమిటి, రుజువు చేసిందే నేను.

1953లో కీత్‌కి ఇరవై రెండు, నాకు పంతొమ్మిది. ఇద్దరికీ మోటారు సైకిళ్ల పిచ్చి. కీత్ దగ్గర హార్కట్ ఉండేది. ఒకే సిలిండరు, బర్మింగ్‌హామ్ నుంచి ఓడలో దిగిన బండి. ఊళ్లో పెద్ద రైతు ట్రెగిల్గస్ కొడుకు రెక్స్ దగ్గరా అలాంటిదే ఉండేది. ఆ మార్చిలో వాలరూ బీచ్ పందెంలో కీత్ ఇంజన్లో కనెక్టింగ్ రాడ్ తెగి, క్రాంక్ కేసుని, అంటే ఇంజను అడుగున ఉండే లోహపు పెట్టెని, లోపలి నుంచి పొడుచుకుని బయటికొచ్చింది. పిడికిలి దూరేంత కన్నం. బండి పనైపోయిందనుకున్నాం. ఈస్టర్ వారంలో రెక్స్ షెడ్డులోంచి అతని ఇంజను మాయమైంది. అదే వారంలో కీత్ ఇంజను, కన్నం లేకుండా, నిక్షేపంగా మా వెనక వరండాలో కనబడింది.

సార్జెంటు వచ్చాడు. "క్లెమ్ హాకింగ్ కొత్త క్రాంక్ కేసు బిగించాడు, వెళ్లి ఆయన్నే అడగండి" అన్నాడు కీత్. హాకింగ్ కడీనాలో హార్కట్ ఏజెంటు, మా చాపెల్లో సండేస్కూలు పెద్ద. నాకు పది ఆజ్ఞలు నేర్పింది ఆయనే. సార్జెంటు వెళ్లి అడిగాడు. "నా దగ్గరికి బోలెడు ఇంజన్లొస్తాయి సార్. ఇది నేను చేసినట్టు గుర్తులేదు" అన్నాడాయన.

అప్పుడు నేను నా తెలివి చూపించాను. హార్కట్ ఫ్యాక్టరీ కొట్టే అంకెలు నాకు కళ్లు మూసుకున్నా కనబడేవి. క్రాంక్ కేసు మీద కొట్టి ఉండే ఇంజను నంబరు మీదికి టార్చి వేసి పట్టుకుని, "ఇవి ఫ్యాక్టరీ అంకెలు కావు సార్. ఫ్యాక్టరీ మూడుకి పైన చదునుగా ఉంటుంది, ఇది గుండ్రంగా ఉంది. ఎవరో బయట కొట్టిన నంబరు ఇది" అన్నాను. సార్జెంటు నా భుజం తట్టాడు. రెక్స్ ఇంజను మీది నంబరు అరగదీసి, కీత్ తన పాత నంబరు కొట్టుకున్నాడని ఊరు తేల్చేసింది. కోర్టులో నిలబడదని ఇంజను తిరిగిచ్చేశారు. చాపెల్ సభ్యుల పుస్తకంలో మాత్రం కీత్ పేరు కొట్టేశారు. నాన్న అతన్ని మాతో కూర్చుని తిననివ్వలేదు. నాలుగో రోజు కీత్ సంచులు కట్టుకున్నాడు.

"అంకెలు ఫ్యాక్టరీవి కావు, నిజమే లైల్," అన్నాడు గేటు దగ్గర. "అయితే ఎవరివో కనుక్కో."

నేను కనుక్కోలేదు.

ఆ గోధుమ సంచులు విప్పిన మధ్యాహ్నం నాకు కోపంగానే ఉంది, కీత్ మీదే. గుడ్డతో తుడవగానే నంబరు కనబడింది. 6337. గుండ్రటి మూడ్లు రెండు, పక్కపక్కనే. వాటిని చూడగానే నాకు మళ్లీ పంతొమ్మిదేళ్లు వచ్చాయి. ఇంత జరిగినా దీన్ని పారెయ్యకుండా దాచుకుని, చచ్చిపోయాక నా మీదికి తోశాడే అనుకున్నాను. కాని పని పనే. నలభై ఏళ్లు వాలరూ ధాన్యం గోదాముల్లో మిషన్లు బాగుచేసినవాణ్ని, మురికి పట్టిన యంత్రాన్ని చూస్తూ ఊరుకోలేను. నా షెడ్డులో ఇంకో హార్కట్ ఇంజను ఉంది. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి కడగడం మొదలుపెట్టాను.

నంబరు కొట్టే చోట ఫ్యాక్టరీవాళ్లు చిన్న గద్దె వదిలి, దాని పైభాగాన్ని కట్టరుతో చదును చేస్తారు. కట్టరు తిరుగుతుంది కాబట్టి సన్నటి వంపు గీతలు పడతాయి, నీళ్లలో రాయి వేస్తే లేచే అలల్లా. నా ఇంజను మీద ఆ గీతలున్నాయి. కీత్ ఇంజను మీద ఉండకూడదు. ఎవరైనా ఆకురాయితో పాత నంబరు అరగదీస్తే ముందు పోయేవి ఆ గీతలే.

ఉన్నాయి. అంకెల చుట్టూ, అంకెల మధ్య, ఒక్కటి కూడా చెదరకుండా.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. గద్దె ఎత్తు కొలిచాను. నా ఇంజనుది ఎంతో దానిదీ అంతే, వెంట్రుక వాసి తేడా లేదు. ఆ గద్దె మీద ఇంకో నంబరు ఎప్పుడూ లేదు. నలభై ఒక్క ఏళ్ల క్రితం నా టార్చి వెలుగులోనే ఆ గీతలూ ఉన్నాయి. నేను అంకెల్ని చూశాను, అంకెల కింద ఉన్నదాన్ని చూడలేదు.

నంబరు మీద పల్చటి కాగితం వేసి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాను. అడిలైడ్‌లో పాత మోటారు సైకిళ్ల క్లబ్బుకి హార్కట్ రికార్డులు చూసేది ఏవరిల్ షిర్మర్ అనే ఆవిడ. ఫోన్ చేశాను.

"అచ్చు తర్వాత పంపుదురు గాని, ఇంజను కింద చూశారా?" అంది.

"కిందేముంటుంది?"

"నలభై ఏళ్లుగా హార్కట్లు విప్పుతున్నానన్నారు! జత నంబరండీ. కేసు రెండు సగాలనీ కలిపి బిగించి ఒకేసారి కన్నం తొలుస్తారు. ఒకదాని సగం ఇంకోదానికి కుదరదు. అందుకని రెండింటి అడుగునా ఒకే నంబరు కొడతారు. కిరసనాయిలు, పళ్లు తోముకునే బ్రష్షు తీసుకోండి. బ్రష్షు మీది తీసుకోండి, మీ ఆవిడది కాదు."

నా ఇంజన్ల అడుగున ఆ నంబరు చాలాసార్లు చూశాను. పోతపోసేటప్పటి లెక్కేదో అనుకునేవాణ్ని, ఎవరినీ అడగలేదు. కీత్ ఇంజను బోర్లా తిప్పి, గట్టిపడిన నూనె జిడ్డు గీకాను. ఒక సగం మీద 882, రెండో సగం మీద 882. రెండింటి ముందూ చిన్న గుండ్రటి గుర్తు. మళ్లీ ఫోన్ చేశాను.

"గుర్తంటే? సున్నానా?"

"సున్నా కాదు. అంకెల సైజులో సగం కూడా లేదు. గొట్టంతో కొట్టినట్టు ఉంది."

కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడింది.

"అయితే అది విడిగా అమ్మిన కేసు. స్పేరు. అలాంటివి ఫ్యాక్టరీ నుంచి నంబరు లేకుండా ఖాళీగా వస్తాయి. ఏజెంటు పాత కేసు నంబరే కొత్త దాని మీద కొట్టి, పాతదాన్ని సుత్తితో పగలగొట్టాలి. ఒకే నంబరు రెండు బళ్ల మీద తిరక్కూడదని. ఏజెంట్లకి పంపిన కాగితం నకలు నా ముందే ఉంది."

"దొంగిలించిన ఇంజన్లోది కావచ్చు కదా?"

"కాదు. పూర్తి ఇంజనుగా బయటికొచ్చిన దేనికీ ఆ గుర్తుండదు. ఎవరిదండీ ఆ ఇంజను?"

"మా అన్నది."

"అయితే ఆయనకి శుభవార్త చెప్పండి."

"పోయాడండీ," అన్నాను. "పోయిన నెల."

ఆ రాత్రి భోజనం ముందు ప్రార్థన చెయ్యడానికి నోరు రాలేదు. మెర్ల్ చేసింది. కోపం వచ్చింది, కాని ఆ కోపం ఎవరి మీద పెట్టాలో ఇంకా తెలియలేదు. ఏజెంట్లు అడిలైడ్‌లోనూ ఉండేవారు. కీత్ అక్కడ చేయించుకుని, ఏదో కారణానికి హాకింగ్ పేరు చెప్పాడేమో. లేదా ముసలాయన నిజంగానే మర్చిపోయాడేమో. సండేస్కూల్లో నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించిన మనిషి గురించి చెడుగా అనుకోవడానికి మనసొప్పలేదు. కీత్ గురించి అనుకోవడానికి మాత్రం ఎంత తొందరగా ఒప్పుకుందో.

ఆ ఆదివారం నెలలో మొదటిది, ప్రభువు బల్ల. మా చాపెల్లో ఒకే గిన్నె అందరూ తాగే పద్ధతి లేదు. అల్యూమినియం పళ్లేల్లో వరసగా గుచ్చిన చిన్నచిన్న గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం పోసి, వరస వరసకీ అందిస్తారు. ఆరు పళ్లేలు, 1951లో హాకింగ్ తన షాపులో తయారుచేసి కానుకగా ఇచ్చినవి. ఏ వరసది ఏదో తెలియాలని అంచు మీద నంబర్లు ఆయనే కొట్టాడు. మాది మూడో వరస, మూడో పళ్లెం. అది పక్క నుంచి నా చేతికి వచ్చింది. నా బొటనవేలు ఎప్పట్లాగే అంచు మీది గుంట మీద ఆనింది.

వేలు తీసి చూశాను.

గుండ్రటి మూడు. పైన వంపు చివర ఉండాల్సిన కొక్కెం లేదు. అంకె కొట్టే ఉక్కు అచ్చు, పంచ్, అక్కడ విరిగిపోయి ఉంది. అంకె అక్కడికి వచ్చి ఠక్కున ఆగిపోతుంది.

కోటు జేబులో పెన్సిలు అచ్చు అలాగే ఉంది. తీసి పళ్లెం పక్కన పెట్టి చూశాను. 6337లో మూడ్లు రెండూ అలాగే, అదే చోట విరిగి ఉన్నాయి.

నలభై ఏళ్లకి పైగా, నెలకోసారి, దేవుడి ముందు కూర్చుని నేను ఆ అంకె మీద వేలు పెడుతూనే ఉన్నాను.

"లైల్, ఏంటది, ముందుకి పంపు," అని గొణిగింది మెర్ల్.

గ్లాసు తియ్యకుండానే పళ్లెం పంపేశాను. ఇంత కోపం కడుపులో పెట్టుకుని అది తాగకూడదని నాకు నేర్పారు. నేర్పినాయన అప్పుడు తలుపు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చినవాళ్లకి కీర్తనల పుస్తకాలు పంచుతున్నాడు. ఎనభై ఆరేళ్లు. ఇస్త్రీ చొక్కా.

సోమవారం ఆయనింటికి వెళ్లాను. పెరట్లో టొమాటో మొక్కలకి కర్రలు కడుతున్నాడు.

"రా నాయనా, రా. టీ పెడతాను. మెర్ల్ తినడానికి పేస్టీలేమన్నా పంపిందా?"

"లేదు, మిస్టర్ హాకింగ్. ఒకటి చూపించాలని వచ్చాను."

వంటింట్లో కూర్చున్నాం. టీ పోశాడు. అచ్చు బల్ల మీద పెట్టాను. పక్కన, చాపెల్ సామానుగదిలో తీసుకున్న మూడో పళ్లెం అచ్చు పెట్టాను. ఆయన అద్దాలు పెట్టుకోలేదు. పెట్టుకోవలసిన అవసరం లేకపోయింది.

"ఆ పంచ్ కొత్తది కొనాలని ఎన్నాళ్లో అనుకున్నాను," అన్నాడు.

అంతే అన్నాడు.

"గుర్తులేదన్నారు. సార్జెంటుతో."

"ఆ కేసు రెక్స్ కోసం తెప్పించాను, లైల్. అతని దానికి సన్నటి పగులుండేది. ఎనిమిది నెలలు ఆగితే ఓడలో వచ్చింది. మీ అన్న రోజూ షాపుకొచ్చి ప్రాణం తీసేవాడు. ఇంకో పందెం రెండు వారాల్లో ఉంది, ఇవ్వండి ఇవ్వండి అని. ఇచ్చేశాను. పెద్ద ట్రెగిల్గస్‌తో ఇంకా ఓడ రాలేదని చెప్పాను. నా షాపు ఆయన స్థలంలో ఉండేది, తెలుసుగా. తర్వాత రెక్స్ ఇంజను పోయింది. నేను నోరు తెరిస్తే..."

"షాపు పోతుంది."

"రెండు మూడు రోజుల్లో రెక్స్ ఇంజను ఎక్కడో దొరుకుతుందనుకున్నాను. దొరికితే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. దొరకలేదు. ఎవడు తీశాడో నాకూ తెలీదు, దేవుడి మీద ఒట్టు. ఇంతలో కీత్ వెళ్లిపోయాడు. వెళ్లిపోయాక ఇంకేం చెప్పను?"

"వెళ్లిపోయాడా? తరిమేశాం!" బల్ల మీద కొట్టాను. టీ ఒలికి కాగితాల మీదికి పారింది. "నలభై ఏళ్లు, క్లెమ్! నలభై ఏళ్లు ప్రతి ఆదివారం నా చేతిలో పుస్తకం పెట్టి, ఎలా ఉన్నావు నాయనా అన్నావు. మా నాన్న శవపేటిక మోశావు. మా అమ్మ కీత్‌ని తలుచుకుని ఏడుస్తుంటే పక్కన కూర్చుని ప్రార్థన చేశావు. ఏమని చేశావు? ఆ ప్రార్థనలో ఏం మాటలున్నాయో చెప్పు!"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. అదే మొదటిసారి. ఆయన కూడా గమనించాడు. ముడతల మొహం ఎర్రబడింది.

"నేను గుర్తులేదన్నాను," అన్నాడు నెమ్మదిగా. "అది తప్పే. కాని అవి ఫ్యాక్టరీ అంకెలు కావని సార్జెంటుకి చెప్పింది నేను కాదు. గుర్తులేదన్న మాట మీద ఎవడూ ఎవణ్నీ దొంగ అనడు. నువ్వలా చెప్పేసరికి నాకే భయమేసింది. సొంత తమ్ముడే అంటున్నాడంటే ఇంక నేనేం చెప్పను అనుకున్నాను."

లేచి కుర్చీ వెనక్కి తోశాను. కుర్చీ పడింది. దాన్ని ఎత్తలేదు.

"ఆదివారం చాపెల్లో చెప్తావు. అందరి ముందు. నీ పేరు, కీత్ పేరు, కేసు సంగతి, అన్నీ."

"ఈ వయసులో..."

"కీత్‌కి కూడా ఒక వయసుండేది, క్లెమ్."

ఆదివారం వచ్చింది. పాటకీ ప్రసంగానికీ మధ్య మా పాస్టరమ్మ, ఎవరికన్నా చెప్పుకోవలసింది ఉందా అని అడుగుతుంది. మామూలుగా ఎవరో మోకాలి ఆపరేషనో, ఎవరో మనవరాలి పరీక్షో. హాకింగ్ ముందు బెంచీ పట్టుకుని లేచాడు.

"చాలా ఏళ్ల కింద ఒక పొరపాటు జరిగింది..."

"పొరపాటు కాదు," అన్నాను నా చోట్లోంచే.

అందరూ తిరిగి చూశారు. మెర్ల్ నా మోచెయ్యి పట్టుకుంది, ఆపడానికో ఆసరాగానో తెలీదు. ఆయన గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి కేసు సంగతి చెప్పాడు. గుర్తులేదన్నది అబద్ధమని చెప్పాడు. కీత్ పెన్‌బెర్తీ ఏమీ దొంగిలించలేదని చెప్పాడు. కూర్చున్నాడు. పాస్టరమ్మ 1953కి పుట్టనే లేదు, ఎవరి గురించో తెలియక చేతిలో కాగితం మడతపెట్టింది.

ఇక నా వంతు. లేవక తప్పలేదు.

"టార్చి పట్టుకున్నది నేను," అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను, రాలేదు. అదొక్కటే చెప్పి కూర్చున్నాను.

బయట టీ దగ్గర జనం చుట్టూ చేరారు. చేరినవాళ్లలో కీత్ గుర్తున్నవాళ్లు పదిమంది కూడా లేరు. "పాపం, క్లెమ్ ఎంత ధైర్యం చేశాడో" అన్నారొకరు. "ఎప్పటి సంగతో కదా లైల్, ఇంక వదిలెయ్" అన్నారింకొకరు, నా చేతిలో కేకు ముక్క పెడుతూ. కీత్ పేరు పుస్తకంలో కొట్టేసిన రోజు ఇలా ఎప్పటి సంగతో అని ఎవరూ అనలేదు. కేకు ముక్క సాసరులో వదిలేసి వచ్చేశాను. జెనిఫర్‌కి ఉత్తరం రాశాను. వద్దనే మాట లేదు, చూద్దామనే మాటా లేదు.

సమాధి రాయి మీద చెక్కడానికి ఇంక చోటు లేదు. పేరుకి ఇత్తడి పలక వేయిద్దామన్నాను, జెనిఫర్ సరేనంది. కడీనాలో ట్రోఫీలు చెక్కే షాపులో పేరు చెక్కించి, పుట్టిన, పోయిన సంవత్సరాలు వెయ్యొద్దన్నాను, అవి హాకింగే కొట్టాలి. ఆ పలక, నా సుత్తి బల్ల మీద పెట్టి హాకింగ్‌ని షెడ్డుకి రమ్మన్నాను. ఆయన పొగాకు డబ్బాలో పాత పంచ్‌లు పట్టుకుని వచ్చాడు. ఒకటి, తొమ్మిది, మూడు, నాలుగు తీసి వరసగా పెట్టాడు.

"నాకు చెయ్యి నిలవదు, లైల్. ఒక చేత్తో పంచ్, ఒక చేత్తో సుత్తి... కుదరదు. పట్టుకో నాయనా."

పట్టుకోకూడదనుకున్నాను. ఆయన కష్టపడితే చూడాలనుకున్నాను, అబద్ధం ఎందుకు. కాని మొదటి దెబ్బకే పంచ్ జారి పలక మీద గీత పడింది. పలక కీత్‌ది. పట్టుకున్నాను. టార్చి పట్టుకున్న చెయ్యే.

1931, 1994. ఎనిమిదింటిలో ఏడు అంకెలు బాగానే పడ్డాయి. ఆఖరి నాలుగు దగ్గర సుత్తి నా బొటనవేలి మీద పడింది. నాలుగు కొంచెం వంకరగా దిగింది. గోరు నల్లబడింది. "అయ్యో" అన్నాడాయన. పోయేటప్పుడు చెయ్యి చాపాడు. బొటనవేలు బాగాలేదని చెప్పాను. అది నిజమే, అయినా ఇంకో చెయ్యి ఉంది. క్షమించమని దేవుణ్ని రోజూ అడుగుతున్నాను, నన్ను. హాకింగ్‌ని క్షమించే మనసు ఇమ్మని ఇంకా అడగలేదు. అడిగితే ఇచ్చేస్తాడేమోనని భయం.

జెనిఫర్ శనివారం వచ్చింది. కీత్ నుదురు, కీత్ నడక. బూడిద పెట్టె ఎవరికీ ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకునే కారులో కూర్చుంది. శ్మశానంలో పలక మీద వేలితో రాసి చూసింది.

"ఈ మూడుకేమైంది?"

చెప్పాను. పంచ్, పళ్లెం, 882, చిన్న గుండ్రటి గుర్తు, అన్నీ. ఎండలో నిలబడి మధ్యలో ఆపకుండా వింది.

"ఆ గుర్తు లేకపోతే?" అంది చివరికి.

"అంటే?"

"ఆ గుర్తు అరిగిపోయిందనుకో బాబాయ్. గీతలు లేవనుకో. ఆ మూడు సరిగ్గానే ఉందనుకో. నాన్న మాట ఒక్కటే ఉందనుకో. అప్పుడు ఈ పలక ఇక్కడ ఉండేదా?"

మెర్ల్ నా వైపు చూసింది. ఈ ప్రశ్న షెడ్డులో నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను, ప్రతిసారీ జవాబు రాకముందే బ్రష్షు అందుకున్నాను. ఇక్కడ చేతిలో ఏమీ లేదు.

"ఉండేది కాదు," అన్నాను.

తల ఊపింది. ఏడవలేదు. "నాన్నకీ తెలుసు ఆ సంగతి. అందుకే ఇంజను దాచాడు. 'నా మాట వినకపోయినా లైల్ ఇనుము మాట వింటాడు' అని నవ్వుతూ అనేవాడు. నాకేమో నవ్వొచ్చేది కాదు."

మట్టి తవ్వే చిన్న గరిట నా చేతికి దగ్గర్లో రాయికి ఆనించి ఉంది. వంగి అందుకున్నాను.

"ఇటివ్వు," అంది జెనిఫర్.

ఇచ్చాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని గుంటలో పెట్టె దించి, మొత్తం మట్టి తనే పోసింది, ఆఖరి గరిట దాకా.